పైన టకటక, భయం లేదు

మా ఊరి గ్రంథాలయంలో మోటారు బండ్ల మరమ్మతు గురించి ఒక పాత తెలుగు పుస్తకం ఉంది. దానికి అట్ట లేదు. నూట పన్నెండో పేజీ పక్కనే నూట పంతొమ్మిది ఉంటుంది. మధ్యలో మూడు కాగితాలు ఎవరో చింపేశారు. నేను ఆ పుస్తకాన్ని నాలుగుసార్లు చదివాను. ఆ ఆరు పేజీలు లేవని నాకు తెలుసు. తెలిసి కూడా, మొత్తం చదివినవాడిలా పదిమంది ముందు మాట్లాడాను. దానివల్ల ఒక వానాకాలం పొద్దున మా అక్క ప్రాణం పోవలసింది. ఈ సంగతి ఇన్నేళ్ళూ ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. ఆ పుస్తకాన్ని ఇప్పటికీ డ్రైవర్లు తీసుకువెళుతున్నారని మొన్న గ్రంథాలయంలో రిజిస్టరు చూస్తే తెలిసింది. ఇక ఊరుకోవడం తప్పనిపించింది. అందుకే రాస్తున్నాను. పేర్లు రాయొద్దని అక్క ఒక్క షరతు పెట్టింది.

నేను ఏడో తరగతితో బడి మానేశాను. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మణుగూరులో ఒక కాంట్రాక్టరు దగ్గర పాత డీజిల్ కారు నడిపేవాణ్ణి. డ్రైవరు బతుకులో నడిపే సమయం తక్కువ, ఎదురుచూసే సమయం ఎక్కువ. తోటి డ్రైవర్లు పేకాడుతుంటే నేను గ్రంథాలయంలో కూర్చునేవాణ్ణి. మొదట దినపత్రికలు, తర్వాత వ్యవసాయం, తర్వాత వైద్యం, ఖగోళం, ఏది దొరికితే అది. బడిలో రానిదంతా అక్కడ వచ్చింది. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు అని రాయాలని ఉంది, కానీ ఆ రోజుల్లో గొప్ప కోసమే చెప్పేవాణ్ణి.

మరమ్మతు పుస్తకంలో నాకు బాగా నచ్చింది ఇంజను చప్పుళ్ళ అధ్యాయం. దాన్ని చూసి ఒక చేతిపుస్తకం తయారు చేసుకున్నాను. చల్లటి ఇంజను పొద్దున్నే గరగరమనడం మామూలు, వేడెక్కితే తగ్గాలి. ఫ్యాన్ బెల్టు వానలో కీచుమంటుంది, భయం లేదు. సైలెన్సర్ పగిలితే డబడబమంటుంది, భయం లేదు, పోలీసు ఆపుతాడు అంతే. అడుగున బరువుగా దడదడమంటే లోపల బేరింగు పోయింది, వెంటనే ఆపెయ్యాలి. ఇలా రెండు పేజీలు. ప్రతి చప్పుడు పక్కన భయం ఉందో లేదో రాసుకున్నాను.

నూట పన్నెండో పేజీ చివరి వాక్యం ఇలా ఉంటుంది: "ఇంజను పైభాగమున సన్నని టకటక శబ్దము వినిపించినచో ప్రథమముగా". అంతే. తర్వాతి కాగితం లేదు. ఆ టకటక వాల్వులను తట్టే ట్యాపెట్లదని ముందు పేజీ బొమ్మలో ఉంది కాబట్టి, మిగతాది నేనే పూరించుకున్నాను. నా చేతిపుస్తకంలో రాసుకున్నది: పైన టకటక, భయం లేదు.

మా బండి చూసే మేస్త్రీ ఒక పెద్దాయన. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి ఆనించి, కళ్ళు మూసుకుని వినేవాడు. నేను వెళ్ళినప్పుడల్లా ఒక మాట అంటించేవాడు.

"ఏం పంతులూ, ఇయ్యాల ఏమంటున్నది నీ పుస్తకం?"

"ట్యాపెట్లంటున్నది మేస్త్రీ."

"ఓహో. బుక్కుకు చెవులు గూడ ఉన్నయన్నట్టు." స్క్రూడ్రైవరు తుడుచుకుంటూ అనేవాడు, "నీకు పేర్లు పెట్టుడు వచ్చిందిరా. వినుడు రాలే."

నాకు కోపం వచ్చేది. ఆయనకు చదవడం రాదని మనసులో అనుకునేవాణ్ణి.

మా అక్కను పర్ణశాల దాటి అడవిలోకి వెళ్ళే దారిలో ఉన్న ఒక పల్లెకు ఇచ్చారు. ఆ ఆగస్టులో బావ కూలి పనికి వేంసూరు వైపు పోయి ఉన్నాడు. ఇంట్లో అక్క, ఆమె అత్త ఇద్దరే. ఒక సాయంత్రం ఆ దారిన తిరిగే బస్సు కండక్టరు వచ్చి కబురు చెప్పాడు. అక్కకు మూడు రోజులుగా చలిజ్వరం, నిన్నటి నుంచి మనుషులను గుర్తుపట్టడం లేదు, వాగు పొంగేలా ఉంది, బస్సు రేపు లోపలికి పోదు. ఫోను చేస్తే వచ్చే అంబులెన్సులు మా వైపు ఇంకా రాని రోజులవి. యజమాని కాళ్ళావేళ్ళా పడి కారు అడిగాను. ఇచ్చాడు. "బ్యాటరీ వీకున్నది. యాడ బడితే ఆడ ఆపకు, సెల్ఫ్ అందుకోదు" అని మాత్రం చెప్పాడు. ఆయిల్ తగ్గితే వెలగాల్సిన ఎర్ర లైటు చాలాకాలంగా పనిచేయడం లేదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ సంగతి ఇద్దరం ఎత్తలేదు.

తెల్లవారుతుండగా బయల్దేరి, గోదావరి వంతెన దాటి, భద్రాచలం మీదుగా పల్లె చేరేసరికి పొద్దు బాగా ఎక్కింది. వాన ఆగి ఆగి పడుతోంది. అక్కను చూసి నేను గుమ్మంలోనే ఆగిపోయాను. రెండు దుప్పట్ల కింద ఆమె పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. కళ్ళు తెరిచే ఉన్నాయి గాని నన్ను చూడడం లేదు. "కోళ్ళను కమ్మిన్రా? గంప బోర్లించిన్రా?" అని పదే పదే అడుగుతోంది. పొద్దున పూట కోళ్ళు వాకిట్లోనే తిరుగుతున్నాయి.

ఆమె అత్త అప్పటికే మూట కట్టుకుని సిద్ధంగా ఉంది. తువ్వాలు, గ్లాసు, బట్టల సబ్బు, ఒక చీర. ఇంకో చేతిలో డబ్బా నిండా వంటకూ దీపానికీ వాడే ఇప్పనూనె.

"అదెందుకు అత్తమ్మా?"

"దవాఖానాల ఎన్నొద్దులుంటమో ఏమో. పట్నంల బువ్వ పెట్టే ఇంటికి ఉత్త చేతులు ఊపుకుంట పోతమా?"

నలుగురు తోస్తే కారు అందుకుంది. అక్కను వెనక సీటులో పడుకోబెట్టి, తల తన ఒడిలో పెట్టుకుని ఆమె కూర్చుంది. వాగు దగ్గరికి వచ్చేసరికి నీళ్ళు నేను వచ్చినప్పటి కంటే పెరిగాయి. ఆగి చూసే ధైర్యం లేక వేగంగా దింపాను. మధ్యలో అడుగున ఒక రాయి తగిలి ఠంగుమంది. కారు ఆగలేదు. ఒడ్డు ఎక్కాం. సైలెన్సర్‌కు తగిలి ఉంటుందని అనుకున్నాను. దిగి వంగి చూడడానికి ఒక్క నిమిషం పట్టేది. ఆ నిమిషం నేను పెట్టలేదు.

కొన్ని మైళ్ళు పోయాక మొదలైంది. పైన, సన్నగా, టకటక.

"అల్లుడా, ఆ చప్పుడేంది?" అని వెనక నుంచి అత్తమ్మ అడిగింది.

"ఏం లేదు అత్తమ్మా. ట్యాపెట్లు. పైన టకటక. భయం లేదు."

"వచ్చేటప్పుడు లేదు గద."

"ఇంజన్ వేడెక్కితే అట్లనే వస్తది."

అది ఏ పుస్తకంలోనూ లేదు. అప్పటికప్పుడు అనేశాను. ఆమె "నువ్వు సదువుకున్నోనివి, నువ్వు చెప్తె సరే" అని ఊరుకుంది. ఆ మాటలో వెటకారం ఉందో లేదో అద్దంలో ఆమె ముఖం చూసినా తెలియలేదు.

దారికి రెండు పక్కలా అడవి. ఎదురుగా ఒక్క బండి రాలేదు. ముందు ఇంజను టకటక, వెనక అక్క పళ్ళ టకటక. కాసేపటికి రెండూ ఒకే లెక్కన కొట్టుకుంటున్నట్టు అనిపించింది. స్టీరింగు జారుతోంటే అరచేతులు చొక్కాకు తుడుచుకున్నాను. అద్దాలు దించి వింటున్నాను, ఎత్తి వింటున్నాను. చేతిపుస్తకంలోని రెండు పేజీలూ మనసులో మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను. ఏ వరుసలోనూ కొత్తగా ఏమీ దొరకలేదు.

అప్పుడు వెనక చప్పుడు ఆగిపోయింది.

పళ్ళు కొట్టుకోవడం ఆగింది. కోళ్ళ గురించి అడగడం ఆగింది. వైద్యం పుస్తకాలు కూడా చదివాను నేను. చలి ఆగిపోవడం మంచిదో చెడ్డదో ఒక్క వాక్యం గుర్తుకు రాలేదు. అత్తమ్మ తనంతట తానే అంది, "పలుకుత లేదు. ఊపిరున్నది. పోనియ్యి జల్దీ."

యాక్సిలరేటర్ తొక్కాను. అడుగు నుంచి బరువుగా ఇంకో చప్పుడు బయల్దేరింది. తలుపును పిడికిలితో గుద్దినట్టు. దడ, దడ. నా చేతిపుస్తకంలో దానికి రాసింది ఒకటే మాట, ఆపెయ్యాలి. ఆపితే బ్యాటరీ అందుకోదు. ఆపకపోతే ఇంజను బిగుసుకుని పట్టేస్తుంది. ఎటు చూసినా భద్రాచలం ఇంకా చాలా దూరం.

ఆ దారిలో ఒక దిగుడు మొదట్లో ముత్యాలమ్మ రాయి ఉంది. పసుపు పూసిన రాయి, ముందు రెండు పగిలిన కుండలు. అటు తిరిగే ప్రతి డ్రైవరూ అక్కడ బండి ఆపి, ఇంజను కూడా ఆపి, దండం పెట్టుకుని పోతాడు. ఆ రోజు నేను ఆపదలచుకోలేదు. చూసీ చూడనట్టు ముందుకు పోనిచ్చాను.

"ఆపు," అంది అత్తమ్మ.

"ఆపితే మళ్ళ అందుకోదు అత్తమ్మా. కారులనే మొక్కుకో."

"పాణం మీదికొచ్చిన మనిషిని ఏస్కొని అమ్మను దాటిపోతవా? ఇంజన్ బంద్ చెయ్యి. ఇంత లొల్లి పెట్టుకుని మొక్కితే ఆమెకేం ఇనబడ్తది?"

"అక్క ఏమన్నా అయితే?"

ఆమె నడుస్తున్న కారు తలుపు తెరిచింది. నేను బ్రేకు మీద నిలబడ్డాను. ఇంజను దానంతట అదే దగ్గి ఆగిపోయింది.

ఆమె దిగి రాయి దగ్గరికి వెళ్ళింది. నేను సీటులో నుంచి కదల్లేదు. కోపంతోనా భయంతోనా అంటే భయంతోనే. ఆకుల మీద నుంచి నీళ్ళు కారుతున్నాయి. వెనక అక్క ఊపిరి వినబడింది, చిన్నగా, తెగి తెగి. అది వింటూ కూర్చున్నాను. అప్పుడే ఆ ఊపిరికీ నీళ్ళకీ మధ్య ఇంకొకటి వినబడింది. కారు కింద నుంచి. చుయ్. కాస్త ఆగి, మళ్ళీ చుయ్. వేడి పెనం మీద నీటి చుక్క పడినట్టు.

దిగి, బురదలో వెల్లకిలా పడుకుని కిందికి పాకాను. ఆయిల్ ఉండే చాంబరు అడుగున బోల్టు పక్కన చీలిక. నల్లటి ఆయిల్ అడుగు వెంట వెనక్కి పాకి వేడి సైలెన్సర్ గొట్టం మీద చుక్కలుగా రాలుతోంది. బోనెట్ ఎత్తి ఆయిల్ మట్టం చూసే పుల్ల లాగి చూశాను. కొసన ఒక తడి మచ్చ, అంతే. పైన టకటక మొదలైనప్పుడే అది చూసి ఉండవలసింది. అప్పుడు చాంబరులో సగమన్నా ఉండేది.

అత్తమ్మ తిరిగి వచ్చి నా చేతులు చూసింది. "ఏంది గది?"

"ఇంజన్ల నూనె కారిపోయింది. నూనె లేకుండ నడిస్తే ఇంజన్ పట్టేస్తది."

"భయం లేదంటివి."

ఆమె కారులోకి వంగి డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది.

"నూనెనే గద. పొయ్యి."

"ఇది ఆ నూనె కాదు అత్తమ్మా."

"జారుతదా జారదా?"

అక్కడ నా పుస్తకం ఒకసారి నాకు సాయం వచ్చింది. చిరగని పేజీల్లో ఒకచోట, పూర్వం కొన్ని ఇంజన్లకు ఆముదం కూడా వాడేవారని ఒక చిన్న వాక్యం ఉంది. ఇప్పనూనె గురించి ఏమీ లేదు. కానీ గింజ నుంచి తీసింది ఒకటి పనిచేస్తే ఇంకొకటి కొన్ని మైళ్ళు పనిచేయకపోదని అనుకున్నాను. అనుకోవడం తప్ప దారి లేదు.

వానకు నూనె గడ్డకట్టి నెయ్యిలా ఉంది. డబ్బాను వేడి ఇంజను మీద పెట్టాను. అత్తమ్మ మూటలోని బట్టల సబ్బు తీసి తడిపి పిసికి ముద్ద చేశాను. అత్తమ్మ తన కొంగు అంచు చింపి ఇచ్చింది. మళ్ళీ కిందికి పాకి గుడ్డతో కలిపి సబ్బును చీలికలోకి బొటనవేలితో కూరాను. వేలు కాలింది. కాలిందని సాయంత్రం దాకా తెలియలేదు. లేచి, అప్పటికి కరిగిన నూనెలో సగం ఇంజనులో పోశాను.

అంతలో ఆకుల గొడుగు వేసుకుని పశువులు కాసే ఒక ముసలాయన వచ్చాడు. అత్తమ్మతో కోయ భాషలో నాలుగు మాటలు మాట్లాడి, కారులోకి తొంగి చూసి, గొడుగు పక్కన పెట్టి వెనక నిలబడ్డాడు. దిగుడు కాబట్టి ఇద్దరూ కలిసి తోస్తే కారు కదిలింది. రెండో గేరులో క్లచ్ వదిలాను. ఒకసారి కుదుపు, మౌనం. ఇంకో కుదుపు. అందుకుంది. అత్తమ్మ పరుగెత్తుకొచ్చి ఎక్కింది. దడదడ పోలేదు గాని సన్నగిల్లింది.

ఆ తర్వాతి రెండు గంటల గురించి నాకు చప్పుళ్ళు తప్ప ఏమీ గుర్తులేదు. సైకిలుకు కాస్త ఎక్కువ వేగంతో పోనిచ్చాను. ముందు చప్పుడు పెరిగితే కాలు తీసేవాణ్ణి, వెనక ఊపిరి తగ్గితే కాలు వేసేవాణ్ణి. రెండుసార్లు ఆపి, ఇంజను నడుస్తుండగానే మూత తీసి నూనె పోశాను. చేతుల మీద చిట్లింది. కారంతా దీపాల వాసన. "సచ్చి బతికినమంటే ఈ వాసన నా జన్మల మర్వ" అంది అత్తమ్మ. బతికినమంటే అంది. బతుకుతాం అనలేదు.

భద్రాచలంలో దవాఖానా మెట్ల దగ్గర ఆపి, ఇంజను ఆపడానికి భయమేసి అలాగే వదిలి, అక్కను ఎత్తుకుని లోపలికి పరుగెత్తాను. నర్సమ్మ నా చొక్కా వాసన చూసి, "ఎవరయ్యా ఈడ గారెలు వండుతున్నది?" అంటూనే అక్క కనురెప్ప ఎత్తి చూసి, నవ్వు ఆపేసి పరుగెత్తింది. మెదడుకు ఎక్కే మలేరియా అన్నారు. సెలైన్ పెట్టారు. నన్ను బయట ఉండమన్నారు.

బయటికి వస్తే కారు నిశ్శబ్దంగా ఉంది. నేను లోపల ఉండగా ఎప్పుడో దానంతట అదే ఆగిపోయింది. ముట్టుకుంటే బోనెట్ కాలుతోంది. ఆ దినమంతా నేను భయపడిన వాటిలో ఆ నిశ్శబ్దం అన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది. లోపల కూడా ఇలాగే అయి ఉంటుందేమోనని. వార్డు తలుపు దగ్గరికి వెళ్ళి చెవి పెట్టి నిలబడ్డాను. ఏమీ వినబడలేదు. సాయంత్రం దాకా అలాగే నిలబడ్డాను.

మూడో రోజు అక్క కళ్ళు తెరిచి నన్ను చూసి, "కోళ్ళకు నూకలేసేదెవరు?" అని అడిగింది. గోడ వైపు తిరిగి ఏడ్చాను.

లారీకి కట్టి కారును మణుగూరు తెచ్చాను. మేస్త్రీ చాంబరు విప్పి, వేలితో తీసి, వాసన చూశాడు.

"లోపల దీపారాధన చేసినవారా?"

చెప్పాను. ఆయన బేరింగు ముక్క నా చేతిలో పెట్టాడు. వెండిలా ఉండాల్సింది అరిగి రాగి తేలింది.

"టకటక ఎప్పుడు మొదలైంది?"

"వాగు దాటినంక కొంచెం సేపటికి."

"ఆగినవా?"

"లేదు మేస్త్రీ. ట్యాపెట్లు, భయం లేదనుకున్న."

ఆయన ఈసారి వెక్కిరించలేదు. "నూనె తగ్గితే ముందు అందనిది పైకేరా. పైన మొత్తుకుంటున్నదంటే కింద అయిపోతున్నదని. అవ్, ట్యాపెట్లే. పేరు మంచిగనే పెట్టినవు."

తర్వాతి నెలలో ఖమ్మం వెళ్ళినప్పుడు అక్కడి పెద్ద గ్రంథాలయంలో అదే పుస్తకం అడిగాను. అట్టతో సహా ఉంది. నూట పన్నెండో పేజీ దగ్గర చాలాసేపు ఆగాను. తర్వాత పక్క పేజీ చూశాను. నూట పదమూడు పైన మొదటి వరుస: "ఆయిల్ మట్టము చూడవలెను". అక్కడే నిలబడి ఆరు పేజీలూ చదివాను. ఆ దారంతా నాకు జరిగింది అందులో వరుసగా ఉంది, ఇప్పనూనె ఒక్కటి తప్ప.

ఆ ఆరు పేజీలూ జిరాక్సు తీయించి తెచ్చాను. ఇన్నాళ్ళకు మా ఊరి పుస్తకంలో అతికిస్తున్నాను. వాటి వెనక ఈ కాగితాలు. ఇప్పటికీ బస్సెక్కితే నేను ముందు సీటులో కూర్చోలేను. ఇంజను పైన కాస్త టకటకమన్నా డ్రైవరు దగ్గరికి వెళ్ళి ఆయిల్ చూశావా అని అడుగుతాను. తిట్టినవాళ్ళు ఉన్నారు, ఆపి చూసినవాళ్ళూ ఉన్నారు.

పేర్లు లేకుండా దండం పెట్టడం అలవాటు లేదు, అయినా పెడుతున్నాను. వాన లెక్కచేయక కబురు మోసిన కండక్టరుకు. కారు పాడైనా ఒక్క మాట అనని యజమానికి. గొడుగు పక్కన పెట్టి తోసి, మళ్ళీ కనబడని ముసలాయనకు. నర్సమ్మకు, డాక్టరుకు. నాకు వినడం నేర్పిన, ఇప్పుడు లేని మేస్త్రీకి. ఈ కాగితాలకు చోటిచ్చిన గ్రంథాలయం అయ్యగారికి. తలుపు తెరిచిన అత్తమ్మకు.

చివరగా మా అక్కకు. ఇది అతికించే ముందు ఆమెకు చదివి వినిపించాను. ఆ చప్పుడు వింటూ కూడా భయం లేదని అబద్ధం చెప్పానని తెలిస్తే ఏమంటుందోనని ఆ చోటు వచ్చేసరికి గబగబా చదివేశాను. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతూ విన్నది.

"నాకు ఆ దినం ఒక్కటే యాదికున్నది," అంది. "ఎవరో భయం లేదు అన్నరు. గది ఇని నిద్రపోయిన."

"అది నేనే అక్కా. తెల్వక అన్న."

"అవ్, నీ గొంతే," అని చాట పక్కన పెట్టి, "గది గూడ రాయి" అంది. రాశాను.